రోజును రోజు కాదన్న సభ: మిత్రదేశాల మీద అమెరికా సుంకాలకు ఓటు ఎక్కడ?

విశాఖ రేవు | 31 అక్టోబర్ 2025, ఉదయం 7:40

నేను విశాఖలో కస్టమ్స్ క్లియరెన్స్ పని చేస్తాను. ఇరవై ఏళ్లుగా షిప్పింగ్ బిల్లులతోనే బతుకు. ఈ వారం మన పేపర్లన్నీ మొంథా తుపాను వార్తలతో నిండిపోయాయి, అది సహజమే. అదే మూడు రోజుల్లో అమెరికా సెనేట్‌లో మూడు ఓట్లు పడ్డాయి. వాటి గురించి మనవాళ్లలో ఎవరూ మాట్లాడకపోవడం చూసి రాస్తున్నాను.

మంగళవారం బ్రెజిల్ మీద వేసిన సుంకాలు రద్దు చేయాలన్న తీర్మానం 52-48తో నెగ్గింది. బుధవారం కెనడా తీర్మానం 50-46తో, గురువారం ప్రపంచ దేశాలన్నిటి మీదా వేసిన సుంకాల తీర్మానం 51-47తో నెగ్గాయి. అధ్యక్షుడు ట్రంప్ సొంత రిపబ్లికన్ పార్టీ నుంచే సూసన్ కాలిన్స్, లీసా ముర్కోవ్‌స్కీ, మిచ్ మెకానెల్, రాండ్ పాల్ మూడుసార్లూ రద్దు చేయాలనే ఓటు వేశారు. బ్రెజిల్ విషయంలో థామ్ టిల్లిస్ కూడా వాళ్లతో కలిశారు.

మరి సుంకాలు పోయాయా? పోలేదు. ఎందుకు పోలేదో చెప్పడానికే ఈ థ్రెడ్.

ఈ సుంకాలు ఎమర్జెన్సీ ప్రకటించి వేసినవి. వాటిని రద్దు చేయాలన్న తీర్మానాలకు ఆధారం 1976 నాటి జాతీయ ఎమర్జెన్సీల చట్టం. అధ్యక్షుడు ఎమర్జెన్సీ ప్రకటిస్తే, దాన్ని రద్దు చేయమని ఏ సభ్యుడైనా తీర్మానం పెట్టవచ్చు. కమిటీ 15 రోజుల్లో తేల్చాలి, ఆ తర్వాత సభలో ఓటు జరగాలి. నాయకత్వానికి ఇష్టం లేదని దాన్ని మూలన పడేయకూడదనే గడువు పెట్టారు. సెనేట్‌తో పాటు కాంగ్రెస్‌లో రెండో సభ అయిన ప్రతినిధుల సభ కూడా నెగ్గిస్తేనే తీర్మానం ముందుకు వెళ్తుంది. ఈ మార్చి 11న ఆ ప్రతినిధుల సభ ఏం చేసిందంటే, ప్రభుత్వ ఖర్చుల బిల్లును చర్చకు తీసుకునే నిబంధనల తీర్మానంలో ఒక వాక్యం చేర్చింది. కెనడా, మెక్సికో, చైనా ఎమర్జెన్సీల విషయంలో ఈ సమావేశాలు ముగిసేదాకా ఏ రోజునూ 'రోజు'గా లెక్కించకూడదని ఆ వాక్యం. అంటే 15 రోజుల గడువు ఎప్పటికీ పూర్తి కాదు. ఏప్రిల్‌లో ప్రపంచ సుంకాలకు కూడా అదే పద్ధతి పెట్టారు. సెప్టెంబర్‌లో దాన్ని 2026 జనవరి 31 దాకా పొడిగించారు.

ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధ వేసింది. పన్ను వేసే అధికారాన్ని ఎవరో లాక్కున్నారంటే అర్థం చేసుకోవచ్చు. ఇక్కడ ప్రజలు ఎన్నుకున్న సభే, నాకు ఓటు వేసే పని వద్దు అని తన క్యాలెండర్‌ను తనే ఆపేసుకుంది. ఒక్క ఆర్డర్‌తో మా ఆఫీసులో ఎన్ని కాగితాలు తిరగరాయాల్సి వస్తుందో నాకు తెలుసు. ఆ ఆర్డర్ మీద ఒక్క సభ్యుడు కూడా పేరు పెట్టి అవునని గానీ కాదని గానీ చెప్పనక్కర్లేదంటే ఎలా?

---

గోదారి చెరువు | 31 అక్టోబర్ 2025, ఉదయం 9:15

అన్నా, బాగా రాశావు. మాది భీమవరం దగ్గర. తుపానుకి కరెంటు పోయి, ఏరియేటర్లు జనరేటర్ మీద నడిపి రెండు రాత్రులు చెరువు గట్టు మీదే ఉన్నాం. డీజిల్ ఖర్చు తలచుకుంటేనే భయం వేస్తోంది.

ఒక్క మాట సూటిగా అడుగుతాను. సెనేట్‌లో గురువారం నెగ్గిన ఆ మూడో తీర్మానం పూర్తిగా అమల్లోకి వస్తే మన రొయ్య మీద 50 శాతం పోతుందా?

---

విశాఖ రేవు | 31 అక్టోబర్ 2025, ఉదయం 10:02

తమ్ముడూ, ముందు చెరువు జాగ్రత్త. సగం పోతుంది, సగం ఉంటుంది.

మన మీద 50 శాతం అన్నది ఒక్క ఆర్డర్ కాదు. ఏప్రిల్ 2న ప్రకటించిన ఎమర్జెన్సీ కింద వచ్చిన 25 శాతం ఆగస్టు 7 నుంచి పడింది. రష్యా చమురు కొంటున్నామని వేసిన ఇంకో 25 శాతం ఆగస్టు 27 నుంచి పడింది. రెండోదానికి ఆధారం 2021లో రష్యా మీద ప్రకటించి, 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక విస్తరించిన వేరే ఎమర్జెన్సీ. గురువారం ఓటు ఏప్రిల్ 2 ఎమర్జెన్సీ గురించి మాత్రమే. ఇక రొయ్య మీద ముందు నుంచీ ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేవి), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీ ఉందని వేసేవి) డ్యూటీలను ఈ తీర్మానాలేవీ ముట్టుకోవు.

ఈక్వెడార్ రొయ్య మీద 15 శాతమే. నీకు పోటీ వాళ్లతోనే కదా.

---

గోదారి చెరువు | 31 అక్టోబర్ 2025, ఉదయం 10:20

వాళ్లతోనే. ఏప్రిల్‌లో ప్రకటన వచ్చిన మర్నాడే కొనేవాడు ఫోన్ చేసి 100 కౌంట్‌కి (కిలోకి వంద తూగే రొయ్య) రేటు తగ్గించాడు. అప్పటికి సుంకం అమల్లోకి కూడా రాలేదు. పట్టుబడి వాయిదా వేద్దామంటే మేత ఖర్చు ఆగదు, రోగం వస్తే మొత్తం పోతుంది. వాళ్లు ఆర్డర్ మీద సంతకం పెట్టింది వాళ్ల సాయంత్రం. మాకు తెల్లారేసరికి రేటు పడిపోయింది.

---

హైకోర్టు మెట్లు | 31 అక్టోబర్ 2025, మధ్యాహ్నం 1:30

నేను హైదరాబాద్‌లో ట్యాక్స్ కేసులు చూసే న్యాయవాదిని. రేవు గారు చెప్పినదానికి వెనక కథ కొంచెం చెప్తాను. అది తెలియకపోతే రెండు సభలూ నెగ్గించినా చాలదు అన్న సంగతి అర్థం కాదు.

అమెరికా రాజ్యాంగం మొదటి ఆర్టికల్, ఎనిమిదో సెక్షన్ ప్రకారం పన్నులు, దిగుమతి సుంకాలు వేసే అధికారం కాంగ్రెస్‌ది. అధ్యక్షుడికి స్వతహాగా ఆ అధికారం లేదు. కాంగ్రెస్ చట్టం చేసి ఇచ్చినంతే ఉంటుంది. ఇప్పుడు వాడుతున్నది 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. అందులో 'దిగుమతులను నియంత్రించవచ్చు' అని ఉంది తప్ప సుంకం అన్న మాటే లేదు. ఈ సంవత్సరానికి ముందు ఏ అధ్యక్షుడూ దాన్ని పట్టుకుని సుంకం వేయలేదు.

1976 చట్టం రాసినప్పుడు కాంగ్రెస్ జాగ్రత్తగానే రాసింది. రెండు సభలూ సాధారణ మెజారిటీతో చాలు అంటే ఎమర్జెన్సీ అక్కడితో ఆగిపోవాలి, అధ్యక్షుడి సంతకం అవసరం లేదు. ఈ ఏర్పాటు 1983లో కూలిపోయింది. కూల్చిన కేసు వేసింది మన భారత సంతతి మనిషే. పేరు జగదీశ్ రాయ్ చడ్డా. కెన్యాలో పుట్టి, బ్రిటిష్ పాస్‌పోర్టుతో అమెరికాలో చదువుకోవడానికి వచ్చాడు. వీసా గడువు ముగిసింది. ఇమిగ్రేషన్ జడ్జి ఉండనిచ్చారు, ప్రతినిధుల సభ ఒక్కటే తీర్మానం చేసి దాన్ని రద్దు చేసింది. సుప్రీంకోర్టు 7-2 తేడాతో, అధ్యక్షుడి ముందుకు పంపకుండా సభలు ఇలా చట్టం చేసినంత పని చేయడం చెల్లదని తీర్పు ఇచ్చింది.

ఒక విద్యార్థిని దేశం నుంచి పంపకుండా కాపాడిన తీర్పు అది. న్యాయమైనదే. కానీ దాంతోపాటు అలాంటి ఏర్పాట్లన్నీ పోయాయి. 1985లో ఎమర్జెన్సీల చట్టాన్ని సవరించి, రద్దు తీర్మానం కూడా అధ్యక్షుడి సంతకానికి వెళ్లాలన్నారు. తను ప్రకటించిన ఎమర్జెన్సీ రద్దుకు తనే సంతకం పెట్టాలి. పెట్టకపోతే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది కావాలి. అంటే సెనేట్‌లో అందరూ ఓటు వేస్తే 67, ప్రతినిధుల సభలో 290. 2019లో సరిహద్దు గోడ ఎమర్జెన్సీని రెండు సభలూ రద్దు చేశాయి, అధ్యక్షుడు వీటో చేశాడు, ప్రతినిధుల సభలో 248 మందే వచ్చారు. అక్కడితో ఆగిపోయింది.

ఒకప్పుడు ఎమర్జెన్సీ నిలవాలంటే కనీసం ఒక సభలోనైనా సగం మంది మద్దతు కావాల్సి వచ్చేది. ఇప్పుడు ఏ ఒక్క సభలోనైనా మూడో వంతుకు కాస్త ఎక్కువ మంది తోడుంటే చాలు.

---

విండ్సర్ తెలుగోడు | 1 నవంబర్ 2025, ఉదయం 6:05

కెనడాలో, విండ్సర్‌లో ఉంటాను. కార్ల విడిభాగాల ప్లాంటులో క్వాలిటీ చూస్తాను. మా పార్కింగ్‌లో నిలబడితే అంబాసిడర్ బ్రిడ్జి కనిపిస్తుంది, అవతల డెట్రాయిట్. ఒక భాగం కారులో బిగించేలోపు ఈ నదిని చాలాసార్లు దాటుతుంది. ఇక్కడ పోత పోసి, అక్కడ చెక్కి, మళ్లీ ఇక్కడ అమర్చి, చివరికి అక్కడ బిగిస్తారు. ట్రక్కుల వరస రోజూ చూస్తాం కాబట్టి ఏ రోజు తగ్గిందో చెప్పడానికి లెక్కలు అక్కర్లేదు. మా ప్లాంటులో రాత్రి షిఫ్టు వేసవిలోనే ఆపేశారు. మన తెలుగు కుర్రాళ్లు ఇద్దరు పోయినవాళ్లలో ఉన్నారు, ఒకతను అప్పుడే ఇల్లు కొన్నాడు.

కెనడా మీద సుంకానికి చెప్పిన కారణం ఫెంటానిల్ ఎమర్జెన్సీ. 2024 ఆర్థిక సంవత్సరంలో ఉత్తర సరిహద్దులో అమెరికా పట్టుకున్న ఫెంటానిల్ 43 పౌండ్లు, దాదాపు ఇరవై కిలోలు. మెక్సికో వైపు పట్టుకున్నది 21,000 పౌండ్లకు పైనే. ఒక్క ప్రాణం పోయినా తక్కువేం కాదు, ఆ మత్తు మందు వల్ల ఇక్కడా జనం చచ్చిపోతున్నారు. కానీ ఈ 43 పౌండ్లకు దాదాపు దేశం మొత్తం సరుకు మీద మొదట 25, ఆగస్టు 1 నుంచి 35 శాతం వేయడం సరైన కొలతేనా అని అడిగే చోటు సభ ఒక్కటే. అక్కడే అడగనివ్వలేదు. అమెరికా, కెనడా, మెక్సికో మూడు దేశాల ఒప్పందం కింద వచ్చే సరుకుకు మినహాయింపు ఉంది కాబట్టి కొంత ఊపిరి ఆడుతోంది.

ఇంకోటి. పోయిన నెలలో మా ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం అమెరికాలో ఒక టీవీ ప్రకటన వేసింది. 1987 ఏప్రిల్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ సుంకాలకు వ్యతిరేకంగా మాట్లాడిన రేడియో ప్రసంగం ముక్కలు అందులో ఉన్నాయి. దాని మీద కోపంతో ట్రంప్ చర్చలు ఆపేశారు, ఇంకో 10 శాతం పెంచుతానన్నారు. ఒక ప్రకటన నచ్చలేదని మిత్రదేశం సరుకు మీద పన్ను పెంచుతామనగలిగారంటే, ఆ అధికారానికి చట్టంలో హద్దు ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

---

పాత పాఠం | 1 నవంబర్ 2025, ఉదయం 11:45

రిటైరైన ఎకనామిక్స్ లెక్చరర్‌ని. మీ అందరి ఆవేదన అర్థమైంది. కానీ సభకు అప్పగిస్తే అంతా చక్కబడుతుందనే నమ్మకానికి నేను ఒప్పుకోను. చరిత్ర అలా లేదు.

1930లో అమెరికా కాంగ్రెస్సే కూర్చుని, ఒక్కో సరుకు మీద ఒక్కో సుంకం రాసింది. స్మూట్-హాలీ చట్టం. నీ రాష్ట్రం చక్కెరకు నేను ఓటేస్తా, నా రాష్ట్రం గాజుకు నువ్వు వెయ్యి అన్న పద్ధతి నడిచింది. 1,028 మంది ఆర్థికవేత్తలు సంతకం పెట్టవద్దని అధ్యక్షుడు హూవర్‌ను వేడుకున్నారు. పెట్టాడు. అప్పుడూ దెబ్బ తిన్న దేశాల్లో కెనడా ఉంది, అదీ తిరిగి సుంకాలు వేసింది. ఆ అనుభవంతోనే 1934లో కాంగ్రెస్ తన అధికారాన్ని అధ్యక్షుడికి అప్పజెప్పింది. ఎందుకంటే అధ్యక్షుడు దేశం మొత్తాన్ని చూస్తాడు, సభ్యుడు తన నియోజకవర్గాన్నే చూస్తాడు.

ఇంకా, బేరానికి వేగం కావాలి. ఈ జులైలో జపాన్, యూరప్, కొరియా వరసగా 15 శాతానికి ఒప్పుకున్నాయి. జపాన్ 550 బిలియన్ డాలర్ల పెట్టుబడికి మాటిచ్చింది. అయిదు వందల ముప్పై అయిదు మంది ఓటు కోసం ఆగితే ఆ ఒత్తిడి పనిచేసేదా? ఆ ఒప్పందాలు మంచివా చెడ్డవా అన్నది వేరే ప్రశ్న. పద్ధతి గురించి మాట్లాడేటప్పుడు రెండో వైపు కూడా చూడాలి.

---

హైకోర్టు మెట్లు | 1 నవంబర్ 2025, మధ్యాహ్నం 3:10

మాస్టారూ, 1930 గురించి మీరన్నది అక్షరాలా నిజం. కాంగ్రెస్ ఒక్కో మేకుకూ ఒక్కో పళ్లేనికీ రేటు రాయాలని ఇక్కడ ఎవరూ అనడం లేదు.

కానీ 1934లో ఎలా ఇచ్చారో చూడండి. అప్పటి విదేశాంగ మంత్రి కార్డెల్ హల్ పట్టుబట్టి తెచ్చిన చట్టం అది. ఉన్న రేటును 50 శాతానికి మించి మార్చకూడదు. అది కూడా అవతలి దేశంతో ఒప్పందం కుదిరితేనే. అధికారం మూడేళ్లే, తర్వాత మళ్లీ సభకు వచ్చి అడగాలి. ఇచ్చారు, కానీ కొలిచి ఇచ్చారు, గడువు పెట్టి ఇచ్చారు.

1971లో కూడా ఇలాంటిదే జరిగింది. ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ దిగుమతుల మీద 10 శాతం అదనపు సుంకం వేశారు. అసలు గురి జపాన్, పశ్చిమ జర్మనీ లాంటి మిత్రదేశాల కరెన్సీల మీదే. డిసెంబర్‌లో ఒప్పందం కుదిరాక తీసేశారు. తర్వాత కాంగ్రెస్ 1974 వాణిజ్య చట్టంలో సెక్షన్ 122 పెట్టింది. విదేశీ చెల్లింపుల్లో పెద్ద లోటు వస్తే అధ్యక్షుడు వెంటనే సుంకం వేయవచ్చు, అయితే 15 శాతానికి మించకూడదు, 150 రోజులు దాటితే కాంగ్రెస్ పొడిగించాలి. మీరడిగిన వేగం అందులో ఉంది. దాన్ని పక్కన పెట్టి, కొలత గానీ గడువు గానీ లేని 1977 చట్టాన్ని ఎందుకు ఎంచుకున్నారన్నదే నా ప్రశ్న.

---

విశాఖ రేవు | 1 నవంబర్ 2025, రాత్రి 8:50

మేడమ్ చెప్పిన సెక్షన్ 122 పక్కన సెక్షన్ 232 కూడా పెట్టి చూడాలి. ఉక్కు, అల్యూమినియం, కార్లు దీని కిందే ఉన్నాయి. 1962 నాటి చట్టం. దేశ భద్రతకు ముప్పు అని వాణిజ్య శాఖ నివేదిక ఇస్తే అధ్యక్షుడు ఎంతైనా వేయవచ్చు. ఎమర్జెన్సీ అక్కర్లేదు కాబట్టి సెనేట్‌లో ఇప్పుడు పెట్టినలాంటి తీర్మానం కూడా దీనికి పనికిరాదు.

2018 జూన్ 1 నుంచి కెనడా, మెక్సికో, యూరప్ ఉక్కు మీద 25 శాతం వేసింది దీని కిందే. కెనడా 1949 నుంచి నాటోలో ఉంది, 1958 నుంచి అమెరికాతో కలిసి ఒకే కమాండ్ కింద ఆకాశాన్ని కాపలా కాస్తోంది. అలాంటి దేశం ఉక్కు భద్రతకు ముప్పు అన్నారు. అప్పుడు రిపబ్లికన్ సెనేటర్ బాబ్ కార్కర్, ఇలాంటి సుంకాలకు కాంగ్రెస్ ఆమోదం ఉండాలని సవరణ తెచ్చారు. దాన్ని ఓటుకే రానివ్వలేదు. చివరికి జులైలో, కాంగ్రెస్‌కు పాత్ర ఉండాలి అనే సలహా తీర్మానం ఒకటి 88-11తో నెగ్గింది. ఎవరినీ కట్టిపడేయని తీర్మానం కాబట్టే అంతమంది ధైర్యంగా ఓటేశారని నా అభిప్రాయం. కెనడా, మెక్సికోలకు ఆ సుంకాలు తీసేసింది మరుసటి ఏడాది మేలో, అదీ బేరంలో భాగంగా.

ఈ ఏడాది ఆ ఉక్కు సుంకం జూన్ 4న 50 శాతం అయింది. బ్రిటన్‌కు మాత్రం 25.

సెక్షన్ 232లో ఒకే ఒక్క సరుకుకు కాంగ్రెస్ తన చెయ్యి ఉంచుకుంది, అది పెట్రోలియం. 1980లో అధ్యక్షుడు కార్టర్ చమురు దిగుమతి మీద రుసుము వేస్తే సభలు ఎదురు తిరిగి, చమురు దిగుమతుల విషయంలో అధ్యక్షుడి చర్యను రద్దు చేసే తీర్మానానికి దారి రాసుకున్నాయి. పెట్రోల్ బంకు దగ్గర ఓటరు అడుగుతాడు కాబట్టి రాసుకున్నాయి. ఉక్కుకూ అదే దారి రాయడానికి అడ్డేమీ లేదు, మనసు రాలేదంతే.

మాస్టారూ, మీ రెండో మాట. జపాన్ 550 బిలియన్ల ఒప్పందం కూడా కాంగ్రెస్ ఓటుకు రాలేదు. యూరప్ ఏం చేస్తోందో చూడండి. అమెరికా పారిశ్రామిక వస్తువుల మీద తమ సుంకం తీసేయడానికి కమిషన్ ఆగస్టు చివర్లో ప్రతిపాదన పెట్టింది, దానికి యూరోపియన్ పార్లమెంటు ఓటు కావాలి. ఒకే ఒప్పందం. అటు సభ మాట్లాడుతుంది, ఇటు సభకు సంబంధం లేదు.

---

డాలస్ రాయి | 2 నవంబర్ 2025, ఉదయం 8:30

డాలస్‌లో కిచెన్ కౌంటర్‌టాప్‌ల చిన్న షాపు. చీమకుర్తి నుంచి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ తెప్పిస్తాను. సుంకం భారత్ కడుతుందని ఇక్కడి టీవీలో చెప్పినప్పుడల్లా మా ఆవిడ నా వంక చూస్తుంది. కట్టేది నేనే. బ్రోకర్ బిల్లు పంపిస్తాడు, పది రోజుల్లో డబ్బు పోవాలి.

ఆగస్టు 27 అర్ధరాత్రి లోపు ఓడలోకి ఎక్కి, సెప్టెంబర్ 17 లోపు ఇక్కడ క్లియర్ అయిన సరుకుకు రెండో 25 శాతం పడదన్నారు. నా కంటైనర్ లోడ్ అయింది 29న. రెండు రోజులు. ఆ రెండు రోజులకి పడిన తేడా ఒక మనిషి కొన్ని నెలల జీతం. పోర్టులో రద్దీ వల్ల ఆలస్యమైంది, ఎవరినీ తప్పు పట్టలేను. కస్టమర్‌కు జులైలోనే ధర రాసిచ్చేశాను. వెనక్కి తీసుకోలేను కదా.

నేను పౌరుడిని, ఓటు ఉంది. మా ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేశాను. ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగానే రాసుకుంది. "సభ్యుడు దీని మీద ఎలా ఓటు వేశారు?" అని అడిగాను. "ఇంకా ఓటుకు రాలేదు సర్" అంది. వచ్చే ఎన్నికల్లో ఆయన్ను ఏమని అడగాలి? ఆయన అవునన్నాడో కాదన్నాడో రికార్డులోనే లేదు.

---

పాత పాఠం | 2 నవంబర్ 2025, ఉదయం 10:10

ఫోన్ సంగతి చదివాక కాసేపు ఆలోచించాను. నేను వేగం గురించే మాట్లాడాను. జవాబుదారీ ఇంత పూర్తిగా లేకుండా పోవడాన్ని సమర్థించలేను. వెంటనే వేయనివ్వండి, కానీ ఒక గడువులో సభ తేల్చాలి. ఇంతవరకు ఒప్పుకుంటాను.

---

హైకోర్టు మెట్లు | 2 నవంబర్ 2025, మధ్యాహ్నం 12:25

మాస్టారూ, సరిగ్గా అలాంటి బిల్లే ఏప్రిల్‌లో వచ్చింది. అయోవాకు చెందిన రిపబ్లికన్ చక్ గ్రాస్లీ, వాషింగ్టన్ రాష్ట్ర డెమోక్రాట్ మరియా కాంట్‌వెల్ కలిసి పెట్టారు. కొత్త సుంకం వేసిన 48 గంటల్లో కారణంతో సహా కాంగ్రెస్‌కు చెప్పాలి. 60 రోజుల్లో రెండు సభలూ ఆమోదిస్తే ఉంటుంది, లేకపోతే దానంతటదే పోతుంది.

దీని గొప్పతనం ఎక్కడుందంటే, మౌనంగా కూర్చుంటే ఏమవుతుందన్నది తిరగబడుతుంది. ఇప్పుడు సభ ఏమీ చేయకపోతే సుంకం బతుకుతుంది. ఈ బిల్లు వస్తే సభ ఏమీ చేయకపోతే సుంకం చచ్చిపోతుంది. వీటో గొడవే లేదు, ఎందుకంటే ఆమోదం అవసరమైనది అధ్యక్షుడికే. అయితే ఈ బిల్లు చట్టం కావడానికి మాత్రం సంతకం కావాలి, దాన్ని వీటో చేస్తామని వైట్‌హౌస్ ముందే చెప్పింది.

ఎల్లుండి కాక మరుసటి రోజు, అంటే బుధవారం, 1977 చట్టం కింద వేసిన ఈ సుంకాల మీద అమెరికా సుప్రీంకోర్టులో వాదనలు. చూద్దాం.

---

ఓరుగల్లు పత్తి | 4 నవంబర్ 2025, రాత్రి 9:40

అన్నలందరికీ నమస్తే. అమెరికా ముచ్చట చదువుతుంటే మా ఇంటి సంగతే గుర్తుకొచ్చింది, అందుకే రాస్తున్న.

ఆగస్టులో అమెరికా సుంకం పడగానే మన బట్టల మిల్లులకు ఊరట అని కేంద్రం పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది. మొదట ఆగస్టు 19 నుంచి సెప్టెంబర్ 30 దాకా అన్నరు. పది రోజులకే డిసెంబర్ 31 దాకా పొడిగించిన్రు. మా పత్తి ఏరేది అక్టోబర్ నుంచి. మొన్నటి వానకు వరంగల్ మునిగింది, చేలల్లో పత్తి తడిసి నల్లబడింది. పొడుగు పింజకు మద్దతు ధర 8,110. బయట వ్యాపారి మా నాయిన పత్తిని చేత్తో పిసికి చూసి, "విదేశీ పత్తి వస్తున్నది, గింతకు మించి పెట్టలేను" అన్నడు.

అక్కా, మన దగ్గర దీనికి పార్లమెంటులో ఓటు పడిందా?

---

హైకోర్టు మెట్లు | 4 నవంబర్ 2025, రాత్రి 11:05

తమ్ముడూ, మంచి ప్రశ్న. పడలేదు, పడాల్సిన అవసరం చట్టంలో లేదు.

మన రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టం లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. సుంకం అర్జెంటుగా పెంచాలంటే కస్టమ్స్ టారిఫ్ చట్టం సెక్షన్ 8ఎ ఉంది. పుల్వామా దాడి తర్వాత 2019 ఫిబ్రవరి 16న పాకిస్థాన్ సరుకు మీద 200 శాతం వేసింది దాని కిందే. ఆ నోటిఫికేషన్‌ను సభ ముందు పెట్టాలి, ఆమోదం కోరుతూ తీర్మానం కూడా తేవాలి. శత్రుదేశం మీద వేసినా సరే, సభ ఒప్పుకోవాలి.

తగ్గించడానికి, మినహాయించడానికి దారి వేరు. కస్టమ్స్ చట్టం సెక్షన్ 25. ప్రజా ప్రయోజనం అని చెప్పి ఆర్థిక శాఖ నోటిఫికేషన్ ఇస్తే చాలు. దాన్నీ సభ ముందు ఉంచుతారు, కానీ ఎవరైనా పట్టుబట్టి మార్చమంటే తప్ప ఓటు ఉండదు. పామాయిల్ రైతులకు ఇది బాగా తెలుసు. 2024 సెప్టెంబర్‌లో ముడి పామాయిల్ మీద మూల సుంకం 20 శాతం చేశారు, 2025 మే 30న పదికి దించారు. అశ్వారావుపేటలో గెలల రేటు దాంతోపాటే దిగింది. నూనె కొనే ఇల్లాలికి అది మేలే, కాదనను. ఆ రెండు వైపులనూ తూచాల్సిన చోటు సభ, తూచింది మాత్రం ఒక శాఖ.

---

విశాఖ రేవు | 6 నవంబర్ 2025, ఉదయం 6:55

రాత్రి వాదనలు మొత్తం విన్నాను, రెండున్నర గంటలు దాటింది. చిన్న వ్యాపారుల తరఫున వాదించింది నీల్ కత్యాల్, భారత్ నుంచి వలస వెళ్లిన దంపతుల కొడుకు. చడ్డా కేసుకు నలభై రెండేళ్ల తర్వాత మళ్లీ ఇదే విషయంలో మన సంతతి మనిషి ఆ కోర్టులో నిలబడ్డం నాకు ఏదోలా అనిపించింది.

ప్రభుత్వ లాయరు ఇది ఆదాయం కోసం వేసిన పన్ను కాదు, నియంత్రణ అన్నారు. చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ మాత్రం ఇవి అమెరికన్ల మీద వేసిన పన్నులని, పన్ను వేయడం ఎప్పుడూ కాంగ్రెస్ మూలాధికారమని అన్నారు. అందరిలోకీ జస్టిస్ గోర్సచ్ అడిగింది మనం ఇక్కడ మాట్లాడుకున్నదే. కాంగ్రెస్ ఒకసారి అధికారం ఇచ్చేస్తే, ఏ అధ్యక్షుడూ వదులుకోడు కాబట్టి తిరిగి తీసుకోవడానికి వీటోను దాటే మెజారిటీ కావాలి, అంటే అధికారం ఒక వైపుకే జరుగుతూ పోతుంది కదా అన్నారు. డాలస్ తమ్ముడి ఫోన్‌కు ఎందుకు జవాబు దొరకలేదో అక్కడ దొరికింది.

తీర్పు ఎలా వచ్చినా సెక్షన్ 232 మిగిలే ఉంటుంది. విండ్సర్ తమ్ముడికి ఈ కోర్టు వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండకపోవచ్చు. ఆయన బాధ తీరాలంటే సభే కదలాలి.

---

విండ్సర్ తెలుగోడు | 6 నవంబర్ 2025, సాయంత్రం 5:20

తెలుసన్నా. మా సూపర్‌వైజర్ డెట్రాయిట్ మనిషి, రోజూ వంతెన దాటి వస్తాడు. రెండు వైపులా ఒకే భోజనం డబ్బా తెచ్చుకునే జనం మేం. ఆయన కూడా తన సెనేటర్లకు రాశాడట. ఇల్లు కొన్న కుర్రాడికి లండన్‌లో, మా ఒంటారియో లండన్‌లోనే, ఒక గోడౌన్‌లో పని దొరికింది. జీతం తక్కువ, కానీ కిస్తీ కట్టగలడు.

---

ఓరుగల్లు పత్తి | 9 నవంబర్ 2025, మధ్యాహ్నం 2:15

శీతాకాల సమావేశాలు డిసెంబర్ 1 నుంచి 19 దాకా అని నిన్న ప్రకటించిన్రు. పత్తి మినహాయింపు ముగిసేది 31న, అంటే పొడిగించినా సభ లేనప్పుడే పొడిగిస్తరు. మా ఎంపీ ఆఫీసులో తెలిసిన అన్న ఉన్నడు. ప్రశ్న ఇవ్వాలంటే పదిహేను రోజుల ముందు నోటీసు ఉండాలన్నడు. అక్కా, ఎట్ల రాయాలె?

---

హైకోర్టు మెట్లు | 9 నవంబర్ 2025, సాయంత్రం 4:40

ఇలా రాసి ఇవ్వు. ఇంగ్లిష్ ప్రతి నేను మెసేజ్‌లో పంపుతాను.

"(అ) పత్తి దిగుమతి సుంకం మినహాయింపును 2025 డిసెంబర్ 31 తర్వాత పొడిగించే ప్రతిపాదన ప్రభుత్వం వద్ద ఉందా? (ఆ) ఉంటే, అంతకుముందే సభలో చర్చకు పెడతారా? (ఇ) ఆగస్టు 19 నుంచి ఇప్పటిదాకా సుంకం లేకుండా దిగుమతి అయిన పత్తి ఎంత, ఏ దేశాల నుంచి? (ఈ) అదే కాలంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మార్కెట్లలో పత్తి ధర మద్దతు ధర కంటే ఎంత తక్కువ పలికింది, నెలవారీగా?"

నాలుగోది తప్పకుండా ఉంచు. తీసేయమంటారు, ఒప్పుకోకు.

---

గోదారి చెరువు | 9 నవంబర్ 2025, రాత్రి 7:30

దానికింద రొయ్యకు కూడా ఒకటి రాసివ్వండి మేడమ్, మా ఎంపీకి నేను తీసుకెళ్తాను. చెరువు నిలబడింది. పట్టుబడి బుధవారం.

---

ఓరుగల్లు పత్తి | 9 నవంబర్ 2025, రాత్రి 8:05

ప్రింటు తీసిన. రేపు సోమవారం పొద్దున పది గంటలకు ఆఫీసు తెరుస్తరు. నాయినను కూడా తీసుకపోతున్న, తడిసిన పత్తి ఒక సంచిల పెట్టుకొని.